చేదుమాను తల్లి కోవెల

పూర్వం మధ్యధరా సముద్రంలో, దూరాన పోయే ఓడలవాళ్ళు చూసి మబ్బులని భ్రమపడేటంత ఎత్తైన కొండలున్న ఒక దీవిలో, మొంతెలార అనే కొండపల్లెలో, గిల్యెమ్ అనే తోటమాలి ఉండేవాడు. స్థలమాహాత్మ్యం అన్నాక రాజుతోనో ఋషితోనో మొదలుపెట్టడం మర్యాద. కాని ఆ కొండ ఎక్కిన రాజు ఎవరూ లేరు, ఋషి ఎవరైనా ఎక్కినా ఆ చలిగాలికి మర్నాడే దిగిపోయి ఉంటాడు. కనుక చెట్లకు అంటు కట్టి పొట్ట పోసుకునే గిల్యెమ్‌తోనే ఈ కథ మొదలవుతుంది. తప్పు చేసినవాడూ అతడే, ఆ తప్పును అందరికంటే ముందు తెలుసుకున్నవాడూ అతడే, నేడు అక్కడి కోవెల గడప కింద నిద్రిస్తున్న గొడ్డలీ అతడిదే.

బాదం అనగానే మన వైపు బడి ఆవరణల్లో గొడుగులా పరుచుకుని, ఎర్రబారిన వెడల్పాటి ఆకులు రాల్చే చెట్టు మనసులో మెదులుతుంది. ఇది అది కాదు. పెళ్ళిపాయసంలో తేలే పప్పును కాచే అసలు బాదం ఇది. మనిషికి రెండు మూడింతల ఎత్తు, నల్లని గరుకు బెరడు, ఆకు పుట్టకముందే పువ్వు పుట్టే స్వభావం దానిది. శిశిరం ఇంకా ఆ కొండ దిగకముందే, పై శిఖరం నెత్తిన మంచు మెరుస్తుండగానే, ఆకు ఒక్కటీ లేని ఆ నల్లని కొమ్మల నిండా తెల్లగా, నడుమ లేత ఎరుపు జీరతో పూత విచ్చుకుంటుంది. ఆ పల్లెవాసులకు పంటభూమి లేదు, నది లేదు. రాతి మీద రాయి పేర్చి మెట్లు మెట్లుగా కట్టుకున్న గట్ల వెనుక నిలిచిన కాస్త మట్టిలో ఆ చెట్లే వారి పాలిటి కామధేనువులు. బాదంపప్పు ఓడరేవుకు దిగితేనే గోధుమలు కొండ ఎక్కేవి. పూత నిలిచిన ఏడు ఆ ఊరు తినేది, నిలవని ఏడు ఒకరి మొహం ఒకరు చూసుకుని కూర్చునేది.

ఆ చెట్టుకొక విచిత్రగుణం ఉంది. తల్లిచెట్టు ఎంత తీపి పప్పు కాసినా, దాని గింజను నాటితే మొలిచే పిల్ల తీపిదో చేదుదో కాయ కాసేదాకా బ్రహ్మకైనా తెలియదు. ఆ చేదు మన వేపాకు చేదువంటిది కాదు. గుప్పెడు నమిలితే ప్రాణానికే ముప్పు. అందుచేత గింజమొక్క కాస్త ఎదగగానే దాని తల నరికి, మంచి చెట్టు నుంచి తెచ్చిన పుల్లను మొదలులో చీల్చి నిలిపి, నార చుట్టి, మట్టి మెత్తి అంటు కడతారు. ఆ విద్యలో గిల్యెమ్‌ను మించినవాడు చుట్టుపక్కల కొండల్లో లేడు. అతడి చేయి తగిలితే చీపురుకట్ట కూడా చిగురిస్తుందని ఆ ఊరి ఆడవాళ్ళు అనుకునేవారు. పొగడ్త ఎవరికి చేదు? ఆ మాట వాళ్ళు అనుకోవడం అతడికీ తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోయేవాడు.

గిల్యెమ్‌కు మార్గలీద అనే చెల్లెలు ఉండేది. తల్లి చిన్నతనాననే పోవడంతో, ఆ పిల్లను వీపున కట్టుకుని చెట్లెక్కి పనిచేసి పెంచినవాడు అన్నే. పెరిగి పెద్దదై, అడవిలో బొగ్గులు కాల్చే ఒక మంచివాడిని పెళ్ళాడి, కడుపుతో ఉండగానే అతణ్ణి పోగొట్టుకున్నది. ఆ దుఃఖంలోనే, చలి ముదిరి నీళ్ళు గడ్డకట్టే కాలాన, నెలలు నిండకుండా ఆమెకు ఆడపిల్ల పుట్టింది. ఆ పసిగుడ్డు సూర్యోదయం దాకా ఊపిరి పీల్చి, వెలుగు వచ్చాక ఆగిపోయింది. జ్ఞానస్నానానికి కోవెల గురువుగారు వచ్చే వ్యవధి కూడా లేకపోయింది; పేరైనా పెట్టలేదు.

జ్ఞానస్నానం పొందని బిడ్డకు దేవమాత కోవెల ప్రాంగణంలోని సమాధుల తోటలో చోటు ఇవ్వకూడదని ఆనాటి కట్టడి. గురువుగారు కఠినుడు కాడు, కాని కట్టడి కఠినమైనది. ఉత్తరపు గోడ అవతల, గాలి తప్ప మరెవరూ రాని కొండ అంచున ఆ చిన్నపెట్టెను మట్టిలో దించారు. పసిబిడ్డ పోతే పెట్టె మూసేముందు మేనమామ ఆ బిడ్డ పిడికిలిలో ఒక బాదంగింజ పెట్టి వేళ్ళు మూయడం ఆ ఊరి ఆచారం. ఖాళీ చేతులతో పంపకూడదని. గిల్యెమ్ ఆ రోజు తన దగ్గరున్న గింజల్లోకెల్లా శ్రేష్ఠమైనదాన్ని ఏరి తెచ్చాడు. అది దొరసాని చెట్టు గింజ. తోటలన్నిటిలోనూ లావుపాటి పప్పు, తేనెలాంటి తీపి ఉన్న చెట్టుకు ఊరివాళ్ళు ముద్దుగా పెట్టుకున్న పేరది. ఆ లేత వేళ్ళను ఒక్కొక్కటే మూస్తూ అతడు ఏడ్చాడు. చెల్లెలు మాత్రం ఏడవలేదు, ఆ పిడికిలినే చూస్తూ నిలబడింది.

మరుసటి వానలకు ఆ చోట ఒక మొక్క మొలిచింది. మార్గలీద ఎవరితోనూ ఏమీ అనలేదు. మేకలు కొరక్కుండా చుట్టూ రాళ్ళు పేర్చింది, ఎండాకాలంలో దిగువ ఊట నుంచి నీళ్ళు మోసింది. కొన్నేళ్ళకు, ఊరి చెట్లన్నీ ఇంకా మోడులై మొద్దునిద్రలో ఉన్న ఒక చలి ఉదయాన, ఆ చెట్టు కొన కొమ్మన మొదటి పువ్వు విచ్చింది. ఆమె కొండ దిగి వచ్చి, దారిలో ఎదురైన మొదటి మనిషితో, "పాప లేచింది" అన్నది. ఆ మనిషి జాలిపడి తల ఊపి పోయాడు. మరుసటి ఏడూ అంతే, ఆ పై ఏడూ అంతే. అందరి చెట్లకంటే ముందుగా, అందరూ భయపడే మంచులోకి, ఆ చెట్టే ముందు పూసేది. "నెలలు నిండకుండా వచ్చిన పిల్ల గదా, దానికి తొందరెక్కువ" అని మార్గలీద నవ్వేది. ఆ నవ్వు చూసినవారికి కళ్ళు చెమర్చేవి.

కాయలు వచ్చాక గిల్యెమ్ ఒకటి పగలగొట్టి రుచి చూసి, ఉమ్మేశాడు. పచ్చి చేదు. దొరసాని గింజకు, తన చేతితో పెట్టిన గింజకు, చేదు పుట్టడం అతడికి తలవంపుగా తోచింది. చెల్లెలి దగ్గరికి వెళ్ళి మెత్తగా, "తల తీసి తీపి అంటు కడతాను చెల్లీ. చెట్టెక్కడికీ పోదు, నీదే ఉంటుంది" అన్నాడు.

"తల తీస్తే అది నా పిల్ల ఎట్లా అవుతుందన్నా?" అన్నది మార్గలీద. "చేదైతే చేదే. నేనేమన్నా తినడానికి పెంచుకుంటున్నానా?"

అతడు వెనుదిరిగి పోయాడు. ఆ మాటను ఊళ్ళో నలుగురూ విన్నారు, తల్లి పిచ్చి తల్లిది అనుకున్నారు, వదిలేశారు.

ఆ రోజుల్లో ఊరికి పెద్ద బెర్నాత్ అనే ఆసామి. న్యాయమున్నవాడు, కాని ఓడరేవు వర్తకులు కొండబాదాన్ని చూసి పెదవి విరిస్తే రాత్రంతా నిద్రపట్టనివాడు. ఒక చెట్టు పప్పు లావు, ఒకటి సన్నం, ఒకటి తీపి, ఒకటి చప్పన, మధ్యలో పొరపాటున ఒక చేదు. ఈ కలగాపులగాన్ని చూపించి వర్తకులు ఏటేటా ధర తెగ్గోసేవారు. ఒకనాడు బెర్నాత్ తన గోడు చెప్పుకుంటే, గిల్యెమ్ ఛాతీ విరుచుకుని, కొండ మీది చెట్లన్నిటినీ దొరసాని అంట్లుగా మార్చి చూపిస్తానన్నాడు. అన్ని కొమ్మలూ ఒకే కొమ్మ అయితే అన్ని పప్పులూ ఒకే పప్పు అవుతాయి, ఇక పేరు పెట్టేవాడెవడు? ఆ మాట అందరికీ నచ్చింది. వినడానికి అంత చక్కగా ఉన్న మాటను కాదనేవారు ఏ ఊళ్ళోనూ ఉండరు.

ఏళ్ళ తరబడి గిల్యెమ్ ఆ యజ్ఞం చేశాడు. గట్టు గట్టుకూ తిరిగి పాత చెట్ల తలలు తీసి దొరసాని పుల్లలు నిలిపాడు. పొలిమేరల్లో ఎవరూ పట్టించుకోకుండా పెరిగిన చేదుచెట్లను వేళ్ళతో సహా తవ్వించాడు. వాటి కట్టెలు ఊరి పొయ్యిల్లో ఆ చలికాలమంతా కమ్మగా మండాయి. ఆఖరికి కొండ మొత్తం మీద దొరసాని కానిది ఒక్క చెట్టే మిగిలింది. అది ఉత్తరపు గోడ అవతల, ఒక బిడ్డ గుండెల మీద నిలబడినది. సమాధి మీద చెట్టు గదా అని దాన్ని ముట్టలేదు.

అంట్లన్నీ ఈడుకొచ్చిన ఏడు ఆ కొండకు వచ్చిన శోభ అంతకు ముందు ఎవరూ ఎరుగరు. అన్ని చెట్లూ ఒకే నాడు, ఒకే తెలుపుతో, ఉతికి ఆరేసిన పంచెల్లా విచ్చుకున్నాయి. పక్క కొండల వాళ్ళు పనులు మానుకుని చూడవచ్చారు. గిల్యెమ్ కొత్త చొక్కా తొడుక్కుని వాళ్ళకు తోటలు చూపించాడు. పూత రాలింది. తొడిమలు ఎండాయి. కాయ పట్టలేదు. చేదుమానుకు ఆనుకున్న గట్టు మీది కొద్ది చెట్లకు మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి కాయ కనిపించింది, మిగిలిన కొండంతా గొడ్డుపోయింది.

మొదటి ఏడు మంచును తిట్టారు. మరుసటి ఏడు మంచు రాలేదు, కాయా రాలేదు, గాలిని తిట్టారు. ఆ పై ఏడు తిట్టడానికి ఏమీ దొరకక తమ పాపాలను తలచుకుని, దేవమాత విగ్రహాన్ని గట్లన్నిటి మీదుగా ఊరేగించారు. గోధుమ గాదెలు అడుగంటాయి. కొన్ని కుటుంబాలు తలుపులకు గొళ్ళాలు వేసి, గాడిదల మీద సామాను ఎక్కించుకుని రేవు దారి పట్టాయి. ఉన్నవాళ్ళు పిల్లలకు పెట్టి తాము పస్తున్నారు. ఏడుస్తూ ఊరు విడిచినవాళ్ళ ఇళ్ళ ముందు నుంచి నడవలేక గిల్యెమ్ చుట్టుదారిన పోయేవాడు. అతడి చేతిలో ఏ లోపమూ లేదని అందరూ అనేవారు. అతడూ అదే అనుకునేవాడు, కాని అనుకున్న ప్రతిసారీ లోపల ఏదో ఒప్పుకునేది కాదు.

కష్టం వచ్చినప్పుడు కారణం కావాలి. నిజమైనది దొరక్కపోతే దగ్గర్లో ఉన్నది. ఎవరు మొదట అన్నారో తెలియదు గాని, ఆ మాట ఊరంతా పాకింది: అందరికంటే ముందు లేచి పూసే ఆ చేదుమానే ఋతువులోని తీపినంతా నాకేస్తున్నదని, వడ్డనకు ముందే విస్తరి దగ్గర కూర్చున్నదానికి మిగతావాళ్ళ ఆకలి ఏం పడుతుందని. చేదుమాను పక్కనున్న చెట్లకు నాలుగు కాయలు కాయడం కూడా దానికే సాక్ష్యమైంది. దొంగ తన పొరుగువాడికి వాటా పెట్టడం లోకంలో ఉన్నదే గదా అన్నారు. కళ్ళెదుట దేవుడు సైగ చేసి చూపిస్తే, దాన్ని నేరానికి రుజువుగా చదువుకున్న తెలివి వారిది. మనం నవ్వనక్కరలేదు, ఆ ఆకలిలో మనమున్నా అంతే చదువుదుము.

పూతకాలం మళ్ళీ దగ్గరపడుతుండగా, కోవెల ముందు రాతి అరుగు మీద ఊరు కూడింది. చేదుమానును నరికి తగలబెట్టాలని తీర్మానించారు. సమాధి మీది చెట్టును పరాయి చేయి నరికితే పాపం, నాటిన చేయే నరకాలని మరొక ఆచారం. ఆ గింజను పిడికిలిలో పెట్టిన చేయి గిల్యెమ్‌ది. అందరూ అతడి వైపు చూశారు. ఎదురుగా ఎముకలు తేలిన పిల్లలు తల్లుల కొంగులు పట్టుకుని నిలబడి ఉన్నారు. అతడు తల వంచి, సరేనన్నాడు.

మార్గలీదను పిలిపించి, సంగతి బెర్నాతే చెప్పాడు. ఆమె అరుస్తుందనో శపిస్తుందనో ఎదురుచూసినవారికి ఆశ్చర్యం మిగిలింది. ఆమె, "నా బిడ్డ తప్పు చేసిందంటున్నారు" అన్నది. "చేసిందేమో, నాకు తెలియదు. చిన్నపిల్ల. కాని క్షమాపణ అడగకుండా ఏ బిడ్డనన్నా ఈ ఊళ్ళో దండించారా, పెద్దయ్యా?"

ఆమె తలచినది ఆ ఊరి పాత ధర్మం. ఒక ఇంటి పిల్ల మరొక ఇంటివారి కాయ కోసినా, కుండ పగలగొట్టినా, తల్లి ఒక చేత్తో పిల్లను, మరొక చేత్తో నీళ్ళకుండను పట్టుకుని ఆ ఇంటి గడపకు పోయేది. కుండ గడపలో దించి, "పసిది, తెలియక చేసింది, మనసులో పెట్టుకోకండి" అనేది. ఆ ఇంటివారు కుండలోని నీళ్ళు పిల్ల చేతుల మీద పోస్తే తప్పు కడిగినట్టే. అంతకుముందు ఆ పిల్ల మీద ఎవరూ చేయెత్తకూడదు.

"అది చెట్టమ్మా. గడప గడపకూ ఎట్లా తీసుకెళ్తావు?" అన్నాడు బెర్నాత్. ఆ గొంతులో ఎగతాళి లేదు, బాధే ఉంది.

"ఆ పాట్లు నావి. పూత రాలేదాకా గడువియ్యండి. తర్వాత మీ ఇష్టం, దేవుడి ఇష్టం."

ధర్మాన్ని ధర్మంతో అడిగినప్పుడు కాదనడం ఎవరి తరం? గడువు ఇచ్చారు.

ఆ మర్నాటి నుంచి మొంతెలార ఒక వింత చూసింది. మార్గలీద మొగ్గలతో నిండిన చేదుమాను కొమ్మలను తన చేతులతో, చిన్న కత్తితో, నొప్పి తెలియకుండా కోస్తున్నట్టు కోసింది. ఒక్కొక్క కొమ్మనూ నీళ్ళకుండలో నిలిపింది. తప్పు మనుషులకు చేసింది కాదు, కాయలు పోగొట్టుకున్న చెట్లకు గదా. అందుచేత కుండలను ఇళ్ళకు కాక తోటలకు మోసింది. ప్రతి గట్టు మీదా, కాయ లేని చెట్ల మధ్య కుండ దించి, ఆ కొమ్మ తలను చేత్తో కాస్త వంచి, "పసిది, తెలియక చేసింది, మనసులో పెట్టుకోకండి" అని చెప్పి లేచేది. మొదట్లో నవ్వినవాళ్ళున్నారు. గట్ల మెట్లన్నీ ఎక్కి దిగి ఆమె పాదాలు పగిలి, రాళ్ళ మీద నెత్తుటి మరకలు కనిపించాక ఎవరూ నవ్వలేదు. ఆమె ఇంట్లో కుండలు అయిపోయాయి. ఒక ఇల్లాలు తన కుండ తెచ్చి ఆమె గుమ్మంలో పెట్టి పోయింది. ఆ తర్వాత మరొకరు, ఆ తర్వాత ఊరంతా. తన పిల్ల కోసం తాను పస్తున్న తల్లికి మరొక తల్లి పాట్లు అర్థం కాకుండా ఎట్లా ఉంటాయి?

ఆ ఏడు చలి ఎక్కువకాలం నిలిచి, కుండల్లోని మొగ్గలను ఆపి ఉంచింది. తెల్లవారేసరికి నీళ్ళు గడ్డకట్టి పగిలిన కుండలను తీసి వేరేవి పెడుతూ, ఎండినవాటిలో నీళ్ళు పోస్తూ ఆమె రోజూ తిరిగింది. ఆఖరికి ఒక ఎండ వచ్చింది. ఆ ఎండకు దొరసాని చెట్లూ కుండల్లోని చేదుకొమ్మలూ ఒక్కసారే విచ్చుకున్నాయి. తేనెటీగలు లేచి, వాటికి తీపి చేదుల పట్టింపు లేదు గనుక, కుండ నుంచి కొమ్మకూ కొమ్మ నుంచి కుండకూ తిరిగాయి.

ఇదంతా గిల్యెమ్ చూస్తూనే ఉన్నాడు. అతడి తోట కొండకు అన్నిటికంటే దిగువన, ఊట దగ్గర ఉండేది. చెల్లెలు నీళ్ళకు రోజూ ఆ తోట కంచె పక్కనుంచే పోయేది, నిండు కుండలతో ఎక్కేది, కాని ఒక్కనాడూ లోపలికి అడుగుపెట్టలేదు. చెట్టు నరకమన్నవాళ్ళ తోటల్లోనూ కుండ దించినది అన్న తోటలో దించలేదు. గొడ్డలి పట్టడానికి ఒప్పుకున్నందుకు తన మొహం చూడలేక పోతున్నదని అతడు అనుకున్నాడు. అడగడానికి నోరు రాలేదు. వీపున మోసి పెంచిన చెల్లెలు తలెత్తకుండా పక్కనుంచి పోతుంటే అతడికి అన్నం సహించేది కాదు. పస్తుల రోజుల్లో ఉన్న ఆ ఒక్క రొట్టెముక్కా కుక్కకు పెట్టేవాడు.

పూత రాలింది. గడువు తీరింది. గిల్యెమ్ గొడ్డలికి పదును పెట్టి, ఉదయాన్నే బయలుదేరాడు. మొదట తన తోటలో నడిచాడు. ఎండిన పూతొడిమలు చేయి తగలగానే పొడిపొడిగా రాలాయి, ఏటేటా చూసినదే. కంచె దాటి పై గట్టు ఎక్కాడు. అక్కడ కొమ్మ ఒకటి భుజానికి తగిలితే పక్కకు తీయబోయి, ఆగిపోయాడు. వాడిన పువ్వు మొదట్లో లేతాకుపచ్చగా, నూగుతో, పిల్లి చెవి కొనంత కాయ. దాని పక్కన మరొకటి. చెట్టంతా అవే. ఆ పై గట్టు మీదా అవే, దాని పైనా అవే. అతడు గొడ్డలి భుజాన ఉందన్న సంగతి మరచి, ముసలివాడు పరుగెత్తకూడని మెట్ల మీద పరుగెత్తాడు. ప్రతి గట్టు మీదా ఖాళీ కుండ, ఎండిన చేదుకొమ్మ, చుట్టూ కాయలు. కుండ లేని తోట కొండ మొత్తం మీద ఒక్కటే, కాయ లేని తోటా అదొక్కటే. కొండ సగం ఎక్కి వెనక్కి తిరిగి, దిగువన ఉన్న తన తోటను చూసి అక్కడే నిలబడిపోయాడు. ఇన్నేళ్ళూ లోపల ఒప్పుకోనిది ఏమిటో అతడికి తెలిసింది. ఊరిని పస్తు పెట్టినది చేదుమాను కాదు. చేదుమానులన్నిటినీ పెరికించిన తన చేయే.

కొండ అంచుకు చేరేసరికి మార్గలీద చెట్టు మొదట్లో కూర్చుని ఉంది. చెట్టుకు కొమ్మలు లేవు. అన్నీ తోటలకు పోయాయి. ఉత్తరం వైపు, నీడ పట్టున, ఒకే ఒక్క కొమ్మ మిగిలి ఉంది. దాని మీద ఆలస్యంగా విచ్చిన పూలు ఇంకా రాలకుండా ఉన్నాయి.

ఆమె గొడ్డలిని చూసి లేచి, పక్కకు జరిగి, "ఈ ఒక్కటీ నీకోసం ఉంచానన్నా" అన్నది. "కొట్టేముందు మేనకోడలిని పూలతో ఒక్కసారి చూస్తావని."

గిల్యెమ్ గొడ్డలిని పక్కన పడేశాడు. మట్టి మీద చతికిలబడి, "నా తోటకెందుకు రాలేదు చెల్లీ? అందరి తోటలకూ తెచ్చావు. నా మీద అలిగావా?" అని అడిగాడు.

మార్గలీద నిజంగానే ఆశ్చర్యపోయింది. "మేనమామ గడపకు క్షమాపణేమిటన్నా?" అన్నది. "పిల్ల ఏం చేసినా, దాని మీద నువ్వు కోపం పెట్టుకుంటావా?"

చెట్టు నరకడం చూడడానికి వచ్చిన బెర్నాత్, గురువుగారు, ఊరిజనం వాళ్ళిద్దరినీ అట్లా చూశారు. గిల్యెమ్ గుప్పిట విప్పి, దారిలో కోసిన పచ్చికాయలు చూపించాడు. తర్వాత, ఏ కొండ మీద తన పేరు నిలబెట్టుకున్నాడో ఆ కొండ జనం ముందే, జరిగినదంతా చెప్పాడు. బెర్నాత్ నెత్తి మీది టోపీ తీసి చేత పట్టుకున్నాడు. గురువుగారు ఎవరినీ అడగకుండా ఉత్తరపు గోడ దగ్గరికి పోయి, పై రాయి ఒకటి తన చేతులతో తీసి కింద పెట్టారు. మిగిలిన రాళ్ళు ఊరివాళ్ళు తీశారు. ఆ గోడనే కొండ అంచు దాకా జరిపి మళ్ళీ కట్టారు. ఇరవై అడుగుల గాలి అవతల ఇన్నేళ్ళూ బయట పడి ఉన్న బిడ్డ ఆనాటితో లోపలి బిడ్డ అయింది.

ఆ సాయంత్రం గిల్యెమ్ నీళ్ళకుండ పట్టుకుని చెల్లెలి గడపకు పోయి, నెరిసిన తల వంచి నిలబడ్డాడు. పెద్దవాళ్ళు అట్లా నిలబడడం ఆ ఊళ్ళో అంతకు ముందు లేదు. ఆమె కుండలోని నీళ్ళు అతడి చేతుల మీద పోసి, తన కొంగుతో తుడిచి, లోపలికి రమ్మని పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. ఆ తర్వాత గిల్యెమ్ రాళ్ళు మోసి చెట్టు పక్కన చిన్న కోవెల కట్టాడు, గొడ్డలిని గడపరాయి కింద పాతిపెట్టాడు. తాను పెరికించిన చోటల్లా ఆ చెట్టు గింజలు నాటుతూ మిగిలిన వయసు గడిపాడు. ఒకే ఒక్క కొమ్మతో మిగిలిన చేదుమాను వానలకు మొదలంతా చిగురించింది.

ఇప్పటికీ ఆ కొండ ఎక్కినవారికి ఆ కోవెల కనిపిస్తుంది. పదిమంది నిలిస్తే నిండిపోతుంది. లోపల దేవమాత ఒడిలోని శిశువు దీవిస్తున్నట్టు చేయి చాపి ఉండదు, పిడికిలి బిగించి ఉంటుంది. ఆ పిడికిలి మడతలో భక్తులు ఒక బాదంగింజ దూర్చి మొక్కుకుంటారు. ఆ తల్లికి వారి భాషలో ఉన్న పేరుకు మన మాటల్లో అర్థం చేదుమాను తల్లి అని. గడప కింద గొడ్డలి ఉంది గనుక దాన్ని ఎవరూ తొక్కరు, మనవాళ్ళలాగే దాటి లోపలికి పోతారు. పండుగ నాడు తీపి ఏదీ ముట్టకముందు ఒక చేదుపప్పును నాలుకకు తాకించి తీసేస్తారు, మనం ఉగాదికి వేపపువ్వుతో మొదలుపెట్టినట్టే. ఒకే చెట్టు అంట్లు తమలో తాము కాయ పట్టవని, వేరే చెట్టు పుప్పొడి కావాలని, అందుకే కుండలు పనిచేశాయని చదువుకున్నవారు అంటారు. అదీ నిజమే. ఆ పుప్పొడిని కొండంతా మోయడానికి ఒక తల్లి మనసు కావలసి వచ్చిందన్నదీ నిజమే.

ఏటా పూతకు ముందు మొంతెలార స్త్రీలు చేదుకొమ్మలు నిలిపిన నీళ్ళకుండలతో కోవెల నుంచి బయలుదేరి గట్టు గట్టుకూ దిగుతారు. మొదటి కుండ మాత్రం దారిలోని తోటలన్నీ దాటుకుని, అన్నిటికంటే దిగువన ఊట పక్కనున్న చిన్న తోటకు పోతుంది. దాన్ని మేనమామ తోట అంటారు. అయినవాళ్ళు గదా అని మరచిపోకూడదని ఆ నియమం. అక్కడ ఊరిలోకెల్లా వయసు మళ్ళిన మగవాడు తల మీది టోపీ తీసి, కుండను రెండు చేతులతో అందుకుంటాడు.

ఆ పండుగకు ముహూర్తం పంచాంగంలో ఉండదు. శిఖరం మీద మంచు ఇంకా కరగకముందే, మిగిలిన చెట్లన్నీ మోడులై ఉండగానే, కోవెల పక్క చెట్టుకు ఒక పువ్వు విచ్చుకుంటుంది. దాన్ని ముందుగా చూసినవారు గంట కొట్టరు, పువ్వు వచ్చిందనీ అనరు. గట్టు అంచుకు వచ్చి, కింది తోటలో పని చేసుకుంటున్నవారితో మెల్లగా, "పాప లేచింది" అంటారు. వాళ్ళు తలెత్తి, చేతిలో పని ఆపి, కింది గట్టువారికి చెబుతారు. అట్లా ఆ మాట కొండ అడుగు దాకా, ఊట పక్కనున్న ఆ చిన్న తోట దాకా దిగుతుంది. ఎవరి పాప అని ఎవరూ అడగరు.